మంచుకొండలో నవనీత మడత

నవనీతకు గీత తిన్నగా వస్తుంది. ఆమె గురించి నలుగురికీ తెలిసిన గొప్ప ఇదొక్కటే, కాబట్టి అక్కడే మొదలుపెడదాం. జనగామ పక్క పల్లె నుంచి పెళ్ళయి పుప్పాలగూడ వచ్చిన కొత్తలో మణికొండలో ఒక బట్టల కొట్టు వెనక గదిలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది. కుట్టు పైకి కనిపిస్తే ఒట్టు. నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళు కార్లేసుకుని వచ్చి మరీ, ఆ జనగామ అమ్మాయి చేతికే ఇవ్వండని చెప్పి పోయేవారు. ఆ మాట విన్న రోజు నవనీత ఇంటికి పోయి మొగుడికి రెండుసార్లు చెప్పేది. తర్వాత ఆ ఆడవాళ్ళంతా కుర్తీల్లోకి దిగిపోయారు, కొట్టువాడు ఆ గదిని మొమోలు అమ్మేవాడికి కిరాయికిచ్చేశాడు, నవనీత చేతిలో సూది మిగిలింది.

అప్పుడు పక్క పోర్షన్‌లో ఉండే మమత ఒక కబురు తెచ్చింది. నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లో ఒకదాంట్లో గీతలు గీస్తే జీతమిస్తున్నారట. నవనీత నమ్మలేదు. మనమైనా నమ్ముతామా? కానీ సైబరాబాద్‌లో ఏ పనికి జీతమిస్తారో ఏ పనికి ఇవ్వరో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. అయినా ఇద్దరూ వెళ్ళి చేరారు. కంప్యూటర్‌కు చూపు నేర్పే పని అది. తెర మీద ఫొటో వస్తుంది, అందులో ఏది ఏమిటో మనిషి మౌసుతో గీసి చూపించాలి. అలాంటివి లక్షలకొద్దీ చూశాక కంప్యూటర్ తన కళ్ళతో తాను చూసుకుంటుంది. మొదట రోడ్డు మీది తెల్లగీతలు గీయించారు, డ్రైవర్ లేని కార్ల కోసం. డ్రైవరున్న కార్లే ఆ గీతల్ని పట్టించుకోని ఊళ్ళో కూర్చుని నలభైమంది ఆడా మగా పొద్దస్తమానం వాటి మీద గీతలు గీశారు. ఆ తర్వాత కుళ్ళిన టమాటాలకు సున్నాలు చుట్టారు. టమాటాలు అయిపోయాక హిమానీనదాలు వచ్చాయి.

హిమానీనదమంటే కొండ మీంచి నదిలాగా కిందికి దిగే మంచు. ఇది హిమాలయాల్లోది, దాన్ని చదివేది యూరప్‌లో ఒక యూనివర్సిటీ ప్రొఫెసరమ్మ, గీసేది పుప్పాలగూడ చెయ్యి. లోకం ఇంత బాగా కుదురుకుందని సంతోషించాలి మనం. ఆ ప్రొఫెసరమ్మ ఒక వీడియో పంపింది. ఏటేటా చలికాలంలో మంచు కురుస్తుంది. ఎండాకాలంలో దాని మీద దుమ్ము వాలుతుంది, పైపైన కాస్త కరుగుతుంది. మళ్ళీ చలికాలం, మళ్ళీ మంచు. కిందిదాని మీద పైదాని బరువు పడీ పడీ, లోపలి గాలంతా పోయి, దూదిలాంటి మంచు గట్టి గడ్డ అవుతుంది. అలా ఏడాది మీద ఏడాది పొరలు. పైగా ఆ గడ్డ ఉన్నచోట ఉండదు, తన బరువుకు తానే కిందికి జరుగుతూ ఉంటుంది. అంచుల్లో కొండరాయి పట్టుకుని ఆపుతుంది, నడుమ సాగుతుంది, అందుకని పొరలు వంగుతాయి, పలచబడతాయి, బాగా ఒత్తిడి పడ్డచోట బట్టలాగా మడతపడతాయి కూడా. మంచు మీద ఒక యంత్రాన్ని ఈడ్చుకుంటూ పోతే అది పంపే రేడియో అలలు లోపలికి పోయి, ఒక్కో పొరనూ తాకి వెనక్కొస్తాయి. అదే ఫొటో. నల్లగా తెల్లగా చారలు చారలుగా ఉంటుంది.

బట్టలాగా అన్న ముక్క దగ్గర నవనీతకు విషయం ఠక్కున ఎక్కింది. మేనేజర్ రంగనాథ్‌కు అంతకు ముందే ఎక్కేసింది. ఆయనది ప్రొద్దుటూరు. ఇక్కడ మేనేజర్ కాకముందు శంకర్‌పల్లి వైపు ప్లాట్లు అమ్మేవాడు, కాబట్టి నేల మీద గీత గీస్తే దాని విలువ ఏపాటిదో ఆయనకొకరు చెప్పక్కర్లేదు. మా కడప బండలు కూడా ఇట్లే పొరలు పొరలుగా ఉంటాయని చెప్పి, వీడియో అంతటినీ మూడు ముక్కల్లో తేల్చేశాడు. పొరకొక గీత. గీత తెగకూడదు. ఈ ఫొటోలో గీత ఎక్కడ ఆగితే పక్క ఫొటోలో అక్కడే మొదలవ్వాలి. సైన్సంతా ఇంతేనన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు కిటుకు మార్కుల్లో ఉంది. ఒక్కో ఫొటో ముగ్గురికి వెళ్తుంది, ఎవరికి వారు గీయాలి. మూడు గీతలూ కలిస్తే పచ్చదీపం. ఒకటి తేడా వస్తే ఆ మనిషికి ఎర్రదీపం. ఎర్రలు ఎక్కువైతే మర్యాదగా లోపలికి పిలిచి, బయట అవకాశాలు చూసుకోమంటారు. ముగ్గురిలో ఇద్దరు ఏదంటే అదే నిజమన్నమాట, మంచును అడిగేదేమీ లేదు. నవనీత పొద్దున్నే మొదటి క్యాబులో వచ్చేది కాబట్టి చాలా ఫొటోలు ముందు ఆమే గీసేది. గీసిందల్లా పచ్చ. ఆమెకు ఎర్రదీపం ఎలా ఉంటుందో కూడా తెలియదు. చెయ్యి అంత మంచిదని రంగనాథ్ కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెనే చూపించేవాడు, ఆమె తల వంచుకుని ముసిముసిగా నవ్వుకునేది.

ఇక ఒక తుమ్ము సంగతి చెప్పాలి. మంచు మీద పనిచేసేవాళ్ళకు మంచు తెలియాలనుకున్నారో ఏమో, ఆ ఫ్లోర్‌లో ఏసీ మే నెలలో కూడా పళ్ళు టకటకలాడిస్తుంది. అందరూ శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. నవనీత ఒక పొర వెంట గీత లాక్కుంటూ పోతోంది, అడుగు నుంచి మూడో పొర, నల్లగా లావుగా ఉన్నది. ఉన్నట్టుండి ముక్కు అదిరి హాచ్ అని తుమ్మింది. ఆ తుమ్ముకు చెయ్యి ఎగిరింది, గీత పైకి లేచి, వెనక్కి తిరిగి, మళ్ళీ కిందికొచ్చి పడింది. కంగారులో వేలు ఫొటో పంపే బటన్ మీద పడింది. పంపింది ఇక వెనక్కి రాదు. ఇంతకాలం ఒక్క కుట్టు విప్పించుకోని చేతికి ఈ అప్రతిష్ఠ ఏమిటని ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. మిగతా ఇద్దరూ తిన్నగానే గీస్తారు, మొదటి ఎర్ర నెత్తినపడుతుంది అనుకుంటూ కూర్చుంది.

పచ్చ వచ్చింది. అప్పుడు ఆమె ఉలిక్కిపడాలి కదా? లేదు, సంతోషపడింది. తుమ్మినప్పుడు కూడా తన చెయ్యి ఉన్నదే గీసిందేమో, మంచులో నిజంగానే అక్కడ మడత ఉందేమో అనుకుంది. మనసు ఎంత జాణో చూడండి. ఈలోగా ఆ గీత ఆగినచోట నుంచి పక్క ఫొటో మొదలవ్వాలి కాబట్టి పక్కవాళ్ళు ఆ మడతను కొనసాగించారు, వాళ్ళ పక్కవాళ్ళు ఇంకాస్త లాగారు. వారం తిరిగేసరికి ఆ మడత హిమానీనదానికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాకింది.

ప్రొఫెసరమ్మ చూసి ఉబ్బితబ్బిబ్బయింది. వీడియో కాల్‌లో అందరికీ దండం పెట్టింది. అలాంటి మడత ఆ కొండల్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదట. మడత ఉందంటే పాత మంచు తిరగబడి పైకొచ్చి ఉంటుందట, అక్కడ తొలిస్తే ఎన్నో వందల ఏళ్ళ కిందటి గాలీ దుమ్మూ దొరుకుతాయట. రంగనాథ్ ఆగుతాడా? నాలుగు పొరల కేకు తెప్పించాడు. మీటింగ్ గదికి మడత అని పేరు పెట్టాడు. మడత బొమ్మతో టీషర్టులు కుట్టించి, వాటి మడత నలగకుండా చూసుకోమన్నాడు. ముందు గీసింది నవనీత అని రికార్డులో తేలడంతో శాలువా కప్పి, ఫొటో తీసి, లిఫ్టు పక్క గోడకు తగిలించాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ మమత అసలు విషయం చెప్పింది. ఏదో దాచి చెప్పినట్టు కూడా కాదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"గదేంది అక్క, నీకెరుక లేదా? గా మూలకున్న బటన్ నొక్కితే ముందుగాల గీసినోళ్ళ గీత సన్నగ కనిపిస్తది. అందరం నీ గీత మీదనే గీస్తం. నీ చెయ్యి మంచిదని."

నవనీత నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తన చేతికొచ్చిన పచ్చలన్నీ ఇవేనా అని సిగ్గు, నలభైమంది కలిసి గీసింది తన తుమ్మునేనా అని భయం. అయినా వెంటనే లేచి పోయి చెప్పిందా అంటే, చెప్పలేదు. గోడ మీద ఫొటో ఉంది. అత్తగారికి ఆ ఫొటో వాట్సాప్‌లో పంపింది, అత్తగారు ఊరందరికీ చూపించింది. చెబితే తన ఉద్యోగంతో పాటు నలభైమందివీ ఊడతాయి. ఎక్కడో ఎవరూ లేని కొండమీద మంచులో ఒక మడత ఎక్కువైతే ఎవరికి నష్టం అని సర్దిచెప్పుకుంది.

ఎవరూ లేని కొండ కాదని తర్వాతి కాల్‌లో తెలిసింది. ప్రొఫెసరమ్మ తమ ప్రయాణం ఏర్పాట్లు చూపించింది. మడత ఉన్నచోటికి, నెల తిరగ్గానే, తొలిచే యంత్రాన్ని విప్పి మోసుకుపోతారట. దారిలో మంచు మీద నెర్రెలుంటాయట, బావిలాంటివి. వాటి మీద కొత్త మంచు పలచగా కప్పేసి ఉంటుంది, అడుగు పడేదాకా తెలియదు. పోయినేడు ఒక కుర్రాడు నడుముదాకా దిగిపోయాడని, తాడు ఉంది కాబట్టి లాగేశారని చెప్పి అందరూ నవ్వారు. ఫొటోలో తెల్ల కోట్ల వాళ్ళంతా నడుములకు తాళ్ళు కట్టుకుని ఉన్నారు. వాళ్ళ వెనక, నుదుటికి పట్టీ వేసుకుని, వీపు మీద ఇనుప పెట్టె మోస్తూ ఒక కూలి మనిషి ఉన్నాడు. అతని నడుముకు తాడు లేదు. నవనీత ఆ ఫొటోలో అతన్ని తప్ప ఇంకేమీ చూడలేదు. నా తుమ్ముకోసం ఈ మనిషి ఆ నెర్రెల మీద నడవాలా అనుకుంది. ఇక ఆగలేకపోయింది.

ముందు క్వాలిటీ చూసే యశస్విని దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయిది భీమవరం, మర్యాదకు పెట్టింది పేరు. అంతా విని, అయ్యో అలాగా అండీ అని నొచ్చుకుని, దేనికైనా ఒక పద్ధతంటూ ఉంటుంది కదండీ, కంప్యూటర్‌లో అభ్యంతరం టికెట్ రాసి పెట్టండి అంది. నవనీత టికెట్ పెట్టింది. పద్ధతి ప్రకారం ఆ ఫొటో మళ్ళీ ముగ్గురికి వెళ్ళింది, అందులో ఒకరు నవనీత. మిగతా ఇద్దరూ మూల బటన్ నొక్కి పాత గీత చూసి, మడత ఉందన్నారు. ఇద్దరు ఒకటి, ఒకరు ఒకటి. నవనీతకు జీవితంలో మొదటి ఎర్రదీపం వచ్చింది, తను చెప్పిన ఒకే ఒక్క నిజానికి. మడతను గుర్తుపట్టడంలో బలహీనంగా ఉందని రాసి, ఆమెను శిక్షణకు కూడా పంపారు. శిక్షణలో తెర మీద పెట్టి పాఠం చెప్పింది ఆమె తుమ్మునే. చక్కటి మడతకు ఇది నమూనా అని చెప్పారు.

ఒళ్ళు మండి నేరుగా రంగనాథ్ గదిలోకి వెళ్ళి నిలబడింది. తుమ్మానని, చెయ్యి జారిందని, మంచులో మడతా లేదు గిడతా లేదని, వాళ్ళను పోవద్దని చెప్పమని బతిమాలింది. ఆయన కోప్పడలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"నలభైమంది ఔనన్నదాన్ని నువ్వొక్కదానివి కాదంటే ఎట్లమ్మా?"

"ఆ నలభైమంది నన్ను జూసే గీసిన్రు సార్."

"లీడర్‌షిప్ అంటే అదే కదమ్మా. యాడ నేర్చుకున్యావు ఇదంతా?" అని మురిసిపోయాడు.

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వచ్చేది. ఇక మిగిలింది ప్రొఫెసరమ్మ ఒక్కతే. బయల్దేరే ముందు ఆమె ఆఖరి కాల్ పెట్టింది. మడత కనిపెట్టినావిడ ఒక మాట మాట్లాడాలని కోరింది. నవనీత లేచి కెమెరా ముందుకు పోయింది. తెలుగులో అంతా చెప్పింది, చేతులు జోడించి చెప్పింది. రంగనాథ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. సంతోషం పట్టలేక ఏడుస్తోందని, ప్రయాణం శుభంగా జరగాలని కోరుతోందని మార్చాడు. ప్రొఫెసరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన అబద్ధం నవనీతకు అర్థమయ్యేంత ఇంగ్లీషు వచ్చు, దాన్ని దిద్దేంత రాదు. తుమ్మును ఏమంటారో తెలియదు. తెలియకపోతేనేం, ముక్కు చూపించి, ఫొటోలోని మడత చూపించి, మౌసు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, కెమెరాలోకి వంగి గట్టిగా హాచ్ అని తుమ్మి చూపించింది. చెయ్యి ఎగరడం కూడా చూపించింది.

అవతల ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వుతూ ఏదో అన్నారు. ఏమన్నారని నవనీత పక్కనున్న యశస్వినిని అడిగింది.

"దీవించారండీ. వాళ్ళ దగ్గర ఎవరైనా తుమ్మితే, దేవుడు నిన్ను చల్లగా చూడాలంటారు."

నవనీత నిలువునా నీరుగారిపోయింది. మన దగ్గర బయల్దేరబోతుండగా ఒంటి తుమ్ము వినబడితే, చెప్పులు వేసుకున్నవాడు కూడా విప్పేసి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగితే గానీ కదలడు. ఆ సాయంత్రం విమానం తప్పిపోతుందని తెలిసినా కదలడు. నవనీత వాళ్ళ ప్రయాణం ముంగిట్లో నిలబడి, అందరి మొహం మీదా, ఎదురుగా తుమ్మింది. వాళ్ళు దీవించి బయల్దేరారు. ఇంకెలా ఆపాలో ఆమెకు తెలియలేదు. ఆ నెలంతా ఆమె ఫొటోలు గీసింది, పచ్చలు వచ్చాయి, ఒక్కటి కూడా కంటికి ఆనలేదు. మమత ఏమైందని అడిగితే జలుబు అని చెప్పింది.

చివరికి ఉత్తరం వచ్చింది. రంగనాథ్ అందర్నీ నిలబెట్టి చదివి, తెలుగులో చెప్పాడు. ప్రొఫెసరమ్మ బృందం సరిగ్గా మడత ఉన్నచోటే తొలిచింది. మడత లేదు. అయితే ప్రొఫెసరమ్మ నిరుత్సాహపడలేదు. అంత పెద్ద మడత ఇంత తొందరగా కిందికి జారిపోయిందంటే ఆ మంచు అనుకున్నదానికంటే చాలా వేగంగా కదులుతోందన్నమాట. ఇది మడతకంటే పెద్ద సంగతి. దీని మీద కొత్త పరిశోధన మొదలవుతోంది, దానికి కావలసిన హిమానీనదాలన్నీ హైదరాబాద్‌కే పంపుతున్నారు. చప్పట్లు మారుమోగాయి. రంగనాథ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం మడవబోతూ, ఇంకొక వాక్యం ఉందని చదివాడు. యంత్రం మోసే కూలీల్లో ఒకతను నెర్రెలో పడ్డాడు, కాలు విరిగింది, ఆస్పత్రిలో ఉన్నాడు, ప్రాణానికేం భయం లేదు. దేవుడి దయ అని అందరూ అనుకున్నారు, మళ్ళీ కొంచెం మెల్లగా చప్పట్లు కొట్టారు.

నవనీత కొట్టలేదు.

"గాయన పేరేంది సార్?" అని అడిగింది.

రంగనాథ్ ఉత్తరాన్ని పైనుంచి కిందికి చూశాడు, తిప్పి చూశాడు. "పేరు రాయలేదమ్మా," అన్నాడు.

అందరూ కుర్చీల్లోకి వచ్చారు. కొత్త హిమానీనదం తెర మీదికొచ్చింది. నల్లగా తెల్లగా, చారల చీర ఆరేసినట్టు పొరలు స్పష్టంగా కనబడుతున్నాయి. అడుగున కొండరాయి కూడా తెలుస్తోంది. చంటిపిల్ల కూడా గీయగలదు. నవనీత మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఫ్లోర్‌లో సద్దు తగ్గింది. నలభైమంది మూల బటన్ నొక్కి, ముందు గీత కోసం చూస్తున్నారు. మమత మోచేత్తో పొడిచింది, జర గీయరాదు అక్క అంది.

నవనీత ఏమీ గీయలేదు. ఖాళీ ఫొటోను అలాగే పంపేసింది. ఆ పక్కది కూడా ఖాళీగానే పంపింది. కళ్ళకు కట్టినట్టున్న పొరల్ని కూడా చూడలేదని తనకు ఎర్రలు రావాలని, ఇంత తప్పు చేసినదాన్ని ఇక్కడ ఉంచుకోకూడదని లోపలికి పిలిచి చెప్పాలని, తాను తలవంచుకుని బయటికి పోవాలని కోరుకుంది. అతని కాలికి తాను చేయగలిగింది ఇంతకంటే ఏమీ కనబడలేదు. చేతులు నలుపుకుంటూ దీపం వైపు చూస్తూ కూర్చుంది.

పచ్చ వచ్చింది. దాని తర్వాత ఇంకో పచ్చ. తర్వాత వరసగా అన్నీ పచ్చలే. ఒక్క గీత కూడా లేని ఫొటోల మీద ఫ్లోరంతా ఒక్కమాట మీదికొచ్చేసింది. ఇంతవరకూ ఇలాంటి ఏకాభిప్రాయం చూడలేదని రంగనాథ్ గదిలోంచి పరుగున బయటికొచ్చాడు, పొరలే లేని హిమానీనదాన్ని మనవాళ్ళు కనిపెట్టారని అప్పటికే ప్రొఫెసరమ్మకు రాసేశానన్నాడు. నవనీత ఆయన మొహంలోకి చూసి, అందరిముందూ భోరున ఏడ్చింది. ఆనందమని చెప్పి ఆయన చప్పట్లు కొట్టించాడు.